మూత మీది నంబరు

మా ఆయన రేడియో మెకానిక్. ఈ ఒక్క ముక్క చెబితే మా కాపురం గురించి సగం చెప్పినట్టే. ఎవరింట్లో ఏది మొరాయించినా ఆయన చెయ్యి పడితే లేచి కూర్చుంటుంది. మా వంటగదిలో ట్యూబులైటు మాత్రం ఆరేళ్ళుగా నాలుగుసార్లు కన్నుకొట్టాక గానీ వెలగదు. అడిగితే, "దాని గుణం అంతే, కాసేపు ఓపిక పడితే అదే వెలుగుతుంది" అంటారు. నా గురించి కూడా బయట ఇదే మాట చెబుతుంటారని నా అనుమానం.

ఆయనకంటూ సొంతంగా ఒక రేడియో ఉంది. చెక్కపెట్టె, ముందు గుడ్డ తొడుగు, వెనక నాలుగు స్క్రూలతో బిగించిన మూత. విదేశీ సరుకు. మా మామగారు ఒకే రోజు ఒకే కొట్లో జంటగా రెండు కొన్నారట, అక్కాతమ్ముళ్ళు కొట్టుకోకుండా కూతురికొకటి, కొడుక్కొకటి. కూతురు, అంటే మా వదిన, పెళ్ళయ్యాక తన దాన్ని తీసుకుని వేరే దేశం వెళ్ళిపోయింది. కొడుకు తన దాన్ని తీసుకొచ్చి మా మంచం పక్కన బల్ల మీద పెట్టుకున్నారు. నేను కాపురానికి వచ్చేసరికే అది అక్కడ ఉంది. దానికి నేను పెట్టుకున్న పేరు సవతి.

మా ఆయన మాట తక్కువ మనిషి. గొడవైతే అరిచేది నేను, బెల్లం కొట్టిన రాయిలా కూర్చునేది ఆయన. నా అరుపులు అయ్యాక స్క్రూడ్రైవరు తీస్తారు. నాకు వీపు పెట్టి, రేడియో వెనక మూత విప్పి, అరగంట ఏదో కెలుకుతారు. మూత బిగిస్తారు. ఇక గొడవ అయిపోయినట్టే లెక్క. తప్పు నాదే అన్న మాట ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆ నోట రాలేదు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

నేను బట్టలు కుడతాను. కొలతలు పుస్తకంలో రాసుకునే అలవాటు లేదు. ఒకసారి టేపు పెడితే ఆ మనిషి భుజం, నడుము, చెయ్యి నా బుర్రలో అచ్చుపడిపోతాయి. గొడవలూ అంతే. ఏ ఏడు, ఏ నెల, ఏ తారీకు, ఎవరేమన్నారు, ఎవరు ఏమీ అనకుండా కూర్చున్నారు, అన్నీ ఉంటాయి. మా ఆయన దీనికి రికార్డు రూము అని పేరు పెట్టారు. చుట్టాల ముందు కూడా అంటారు.

"గుర్తుంచుకోవాల్సినవి బోలెడుంటే ఇవన్నీ ఎందుకే నీకు?"

"మీరు చెయ్యకుండా ఉంటే నాకు గుర్తుండేవి కావు."

ఇలా ఉండగా వదినకు డెబ్బయ్యో ఏడు వచ్చింది. ఇద్దరూ రావాల్సిందేనని పట్టుబట్టి టికెట్లు తనే పంపింది. నేను చీరలు, చొక్కాలు సర్దుతుంటే మా ఆయన రేడియో తెచ్చి పెట్టెలో పెట్టారు.

"ఇదెందుకండీ? అక్కడ రేడియోలు లేవా?"

"అక్క అడిగింది. రెండూ పక్కపక్కన పెట్టి ఒకే స్టేషను పెడదామంది. నాన్న కొన్న రోజు అలాగే పెట్టాం."

ఇంత పొడుగు మాట ఆయన నోట విని చాలా కాలమైంది. పైగా తండ్రి మాట వచ్చింది. సవతి కోసం రెండు చీరలు తీసి బీరువాలో పెట్టాను.

టికెట్ల ఏజెంటు ఒక మంచి మాట చెప్పాడు. విదేశీ వస్తువేదైనా వెంట తీసుకెళ్తుంటే బయల్దేరేముందే విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్ళకు చూపించి కాగితం రాయించుకోవాలట. లేకపోతే తిరిగొచ్చేటప్పుడు అక్కడ కొన్నారనుకుని సుంకం అడుగుతారట. సరే, వెళ్ళేరోజు గంట ముందే వెళ్ళి చూపించాం. అక్కడి గుమాస్తా రేడియోను అటు తిప్పి, ఇటు తిప్పి, వెనక మూత మీదున్న ఇత్తడి బిళ్ళ చూసి నంబరు రాసుకున్నాడు. స్క్రూ మీద వేలు పెట్టి, "లోపల కూడా నంబరుంటుందా?" అన్నాడు.

"అబ్బే, లోపల ఏమీ ఉండదండీ" అన్నారు మా ఆయన. ఆ తొందరేమిటో నాకప్పుడు అర్థం కాలేదు. గుమాస్తా కాగితం మీద ముద్ర కొట్టి చేతికిచ్చి, "రేడియో పోయినా ఫరవాలేదు గానీ ఇది పోగొట్టుకోకండి" అన్నాడు. నేను దాన్ని నాలుగు మడతలు పెట్టి సంచీ లోపలి జేబులో దాచాను.

వదిన ఇంట్లో పది రోజులు బాగానే గడిచాయి. వెళ్ళిన రోజే రెండు రేడియోలనూ పక్కపక్కన పెట్టారు. ఆవిడ దాని మూత ఈ చివర నుంచి ఆ చివరకు పగిలి ఉంది. పగులు మీద టేపు అంటించి, ఆ టేపు ఊడితే మళ్ళీ టేపు అంటించి, ఎన్నేళ్ళుగానో నెట్టుకొస్తోంది. మా ఆయన దాన్ని చూసిన చూపు నాకు తెలుసు. పక్కింట్లో పంపు కారుతున్నా ఆ చూపే చూస్తారు.

"ఆవిడ ఏమీ అడగలేదు కదా. కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ?" అన్నాను.

వింటేగా! పదో రోజు, మేము బయల్దేరబోతుండగా, వదిన తన రేడియో వెనక చెయ్యి పెట్టి చూసుకుని తమ్ముడి తల నిమిరింది. నున్నటి మూత, పగుళ్ళు లేవు, టేపు లేదు. నేను వంటింట్లో ఉన్న సమయం చూసి ఈయన తన మూత విప్పి అక్కకు పెట్టి, ఆవిడ పగిలిన మూత తనకు పెట్టుకున్నారు. నాకూ ముచ్చటేసింది. తమ్ముడంటే ఇలా ఉండాలి అనుకున్నాను. ఆ ముచ్చట మర్నాడు మధ్యాహ్నం దాకానే నిలిచింది.

తిరిగొచ్చి దిగాం. కస్టమ్స్ హాల్లో ఇనుప రేకు పరిచిన పొడుగాటి బల్ల, దాని వెనక ఒక ఆఫీసరమ్మ. వయసు నాకంటే ఓ పదేళ్ళు తక్కువుంటుంది. కళ్ళజోడు గొలుసుకు కట్టి మెడలో వేసుకుంది. మా ముందున్నాయన సంచీలోంచి ఒకే రకం ఫోన్లు అయిదు తీసి, అన్నీ తన సొంతానివే అంటున్నాడు. ఎన్ని చెవులున్నాయి మీకు అని ఆవిడ అడిగింది. మా దగ్గర కాగితం ఉంది కాబట్టి నేను ధీమాగా నవ్వాను.

మా వంతు వచ్చింది. ఆవిడ కాగితం చదివింది. రేడియో వెనక్కి తిప్పింది. కళ్ళజోడు ముక్కు మీదికెక్కించి బిళ్ళ చూసింది. కాగితం చూసింది. మళ్ళీ బిళ్ళ చూసింది.

"ఈ కాగితం ఈ రేడియోది కాదు" అంది.

"దీనిదేనండీ" అన్నారు మా ఆయన.

"కాగితంలో నంబరు చివర నాలుగు వందల పన్నెండు. దీని మీద నాలుగు వందల పదమూడు."

మా ఆయన మొహం విప్పారింది. రోగం ఎక్కడుందో దొరికినప్పుడల్లా ఆ మొహం అలాగే విప్పారుతుంది. "ఓ, అదా! మూత మార్చానండీ. ఇది మా అక్క రేడియో మూత. అది పగిలిపోతే నాది తనకు పెట్టేశా. రేడియో నాదే."

"నంబరు మూత మీదుంది కదా సార్?"

"మూత మూతేనండీ. రేడియో అంటే లోపలిది."

"మాకు నంబరు దేని మీదుంటే అదే రేడియో సార్. కాగితంలో ఉన్నది మీరు అక్కడ వదిలేశారు. ఇది ఇంకొకటి."

అదీ సంగతి. నలభై ఏళ్ళుగా వస్తువులు విప్పుతున్న మనిషికి మూత అంటే దుమ్ము పడకుండా అడ్డం పెట్టే చెక్క. ఇంకెవరైనా అయితే ఆ బిళ్ళ చూసి ఆగేవారు. ఈయనకు అది కనపడనేలేదు. కాగితం సంచీలో దాచిన నేనైనా ఆలోచించానా అంటే, లేదు. మూత విషయంలో ముచ్చటపడిన పాపం నాకూ ఉంది.

ఆఫీసరమ్మ కటువుగా ఏమీ మాట్లాడలేదు. పాత రేడియోలకు ఇప్పుడు గిరాకీ పెరిగిందనీ, అక్కడ కొని తెచ్చి ఇక్కడ ముందుగదుల్లో అలంకారానికి అమ్ముతున్నారనీ, పోయిన నెల ఒకాయన దుప్పట్లలో చుట్టి మూడు తెచ్చాడనీ చెప్పింది. సుంకం కట్టాలి, లేదా వస్తువు ఇక్కడే వదిలి వెళ్ళాలి. వదిలేస్తే కొన్నాళ్ళకు వేలానికి పోతుంది. ఆవిడ చెప్పిన సుంకం విని నేను పక్కనున్న ట్రాలీ పట్టుకున్నాను. ఆ డబ్బుతో మా ఆయన కొట్టుకు కొత్త తలుపులు పెట్టించొచ్చు.

ఉన్నమాట చెబుతాను. ఒక్క నిమిషం నాకు ఆశ పుట్టింది. నేనేమీ చెయ్యనక్కర్లేదు. నోరు మూసుకుని నిలబడితే చాలు, సవతి తనంతట తనే పోతుంది. మంచం పక్కన బల్ల ఖాళీ అవుతుంది. దాని మీద నా కుట్టుపెట్టె పెట్టుకోవచ్చు. నేను పిలిస్తే ఆయనకు వినబడుతుంది. కుట్టుపెట్టె ఏ వైపు పెట్టాలో కూడా ఆలోచించేశాను. అప్పుడు ఆయన చేతి మీదికి నా చూపు పోయింది. రేడియో మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డారు, జ్వరమొచ్చిన పిల్లవాడి వీపు మీద పెట్టినట్టు. నా ఆశ చూసి నాకే సిగ్గేసింది.

"మేడమ్, అది ఈయనదే. నాకంటే ముందే ఇది ఈయనతో కాపురానికొచ్చింది. దాన్ని నేను చీకట్లో కూడా గుర్తుపడతాను" అన్నాను.

"మీరు గుర్తుపడితే సరిపోదమ్మా. రశీదుందా? పాత ఫొటో ఉందా? పోనీ లోపల ఏదైనా గుర్తుందా? విప్పి చూద్దామా?"

"వద్దండీ!" అన్నారు మా ఆయన.

ఆ గొంతు విని ఆఫీసరమ్మ కళ్ళజోడు దించింది. నేను మా ఆయన వైపు తిరిగాను. ఆసుపత్రిలో సెలైన్ స్టాండు కదిలితే దాన్ని కూడా విప్పబోయిన మనిషి. మూత విప్పుతానంటే వద్దంటున్నారు!

"ఎందుకొద్దు?" అన్నాను.

"వదిలేద్దాంలే. పాతబడింది. ఇంటికి పోదాం పద."

"వదిలేస్తారా? దీన్నా?"

"స్క్రూడ్రైవరు కూడా లేదుగా."

"నీలం సాక్సుల జతలో చుట్టి ఉంది. సర్దింది నేనే."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది వ్యవహారం. నా బుర్ర పరిపరివిధాల పోయింది. ఇన్నేళ్ళుగా నాకు వీపు పెట్టి లోపల ఏం కెలికినట్టు? ఉత్తరాలా? ఎవరివి? ఈ మనిషికి ఉత్తరం రాసేంత ఓపిక ఎవరికుంటుంది? సాక్సులు తీసి, స్క్రూడ్రైవరు లాగి, ఆఫీసరమ్మ చేతికిచ్చాను. "విప్పండి మేడమ్. నేను కూడా చూస్తాను" అన్నాను.

ఆవిడ నాలుగు స్క్రూలూ తీసింది. మూత పక్కన పెట్టి, ఫోను లైటు వేసి, తల వంచి లోపలికి చూసింది. చాలాసేపు చూసింది. మధ్యలో ఒకసారి తల ఎత్తి మా ఆయనను చూసింది. ఇంకోసారి ఎత్తి నన్ను చూసింది. పెదవి పంటితో నొక్కిపట్టి మళ్ళీ లోపలికి చూసింది.

"ఇదేంటి సార్, పెట్టె గోడల నిండా పెన్సిలు రాత?"

"రిపేరు వివరాలండీ" అన్నారు మా ఆయన బూట్ల వైపు చూస్తూ. "ఎప్పుడు ఏం మార్చానో తేదీ వేసి రాసుకుంటా. పనివాళ్ళ అలవాటు."

"రిపేరు ఒక్కటే లేదిక్కడ."

ఆయన చెవులు ఎర్రబడటం నేను పెళ్ళిచూపుల తర్వాత మళ్ళీ అప్పుడే చూశాను.

"చూడండి, ఈ రాత నిన్న రాసింది కూడా కావచ్చు. పెన్సిలు రాత వయసు నేను చెప్పలేను. కానీ ఇందులో మీ ఇంటి సంగతులున్నాయి. అమ్మా, మీరు ఇటు రాకండి, అక్కడే నిలబడండి. నేను తేదీ చెబుతాను, ఆ రోజు మీ ఇంట్లో ఏం జరిగిందో చెప్పండి. గుర్తు లేకపోతే లేదనండి" అంది ఆఫీసరమ్మ.

"ఎవరిని అడగకూడదో ఆవిడనే అడిగారు" అని గొణిగారు మా ఆయన.

"ఎనభై ఎనిమిది, నవంబరు రెండు."

"మా పిన్ని కూతురి పెళ్ళి!" అన్నాను. తడుముకోవాల్సిన పని లేదు, పైనే ఉంది. "పొద్దున్నే తయారై బయల్దేరాం. దారిలో ఎవరిదో ఫ్యాను తిరగట్లేదన్నారని ఈయన ఆగారు. అయిదు నిమిషాలన్నారు. నేను ఆ ఇంటి అరుగు మీద, పట్టుచీరలో, రెండు గంటలు కూర్చున్నాను మేడమ్. మేం వెళ్ళేసరికి అక్కడ కుర్చీలు మడిచేస్తున్నారు. మా పిన్ని ఇప్పటికీ అంటుంది."

ఆవిడ లోపలికి చూసి తలూపింది. "తొంభై నాలుగు, జూన్ ఆరు."

"నా కుట్టుమిషను! మోటారులో కార్బన్ ముక్కలు ఊడబెరికి ఎవరి మిక్సీకో వేసిచ్చారు. అడగలేదు, చెప్పలేదు. నా చేతిలో పన్నెండు జతల యూనిఫారాలు, వారంలో బడి తెరుస్తారు. రెండు రోజులు కాలితో తొక్కి కుట్టాను. అడిగితే, 'వాళ్ళింట్లో చుట్టాలొచ్చారట' అన్నారు. మనింట్లో ఉన్నది ఎవరు మరి?"

"అదీ!" అన్నాడు వెనక వరుసలో ఒకాయన. పెద్ద టీవీ డబ్బా ట్రాలీలో పెట్టుకుని నిలబడ్డాడు. ఎవరి పక్షమో తెలియలేదు గానీ మంచి శ్రద్ధగా వింటున్నాడు. ఆయన వెనక ఇద్దరు ముగ్గురు మెడలు సాచారు.

"బట్టీ పట్టించి తెచ్చారంటే నమ్మను. ఇంత కోపం బట్టీ పడితే రాదు" అంది ఆఫీసరమ్మ. "ఇంకొకటి. తొంభై ఏడు, సెప్టెంబరు ఇరవై మూడు."

మొదటిసారి నా నోరు కాస్త నెమ్మదించింది. "ఆ రోజు వాన. ఇంటి కప్పు కారింది. నీళ్ళు రేడియో మీద పడ్డాయి. స్పీకరు పోయింది."

ఆవిడ లోపలికి చూసింది. దీనికి మాత్రం కొంచెం ఎక్కువ సేపు చూసింది. "సరిపోయింది. చాలావరకు" అంది. ఆ చాలావరకు ఏమిటో నేను అడగలేదు. అడగకపోవడానికి నా కారణాలు నాకున్నాయి.

"ఆఖరిది. ఇది చెబితే చాలు. రెండు వేల మూడు, ఆగస్టు పందొమ్మిది."

వెతికాను. ఏమీ లేదు. జూలై ముప్పై ఒకటి ఉంది, గ్యాసు బండ గొడవ. సెప్టెంబరు నాలుగు ఉంది, మా తమ్ముడి విషయం. మధ్యలో ఖాళీ.

"ఆ రోజు గొడవేమీ లేదు" అన్నాను.

"ఇక్కడ రాసి ఉందమ్మా."

"ఉండదు మేడమ్. నా దగ్గర లేదంటే జరగలేదన్నట్టే."

ఆవిడ మొహంలో నవ్వు తగ్గింది. "మరి ఇది ఒకటి కుదరకపోతే మిగతావి కూడా అనుమానమే కదా" అని, మూత చేతిలోకి తీసుకుంది. మా ఆయన వైపు చూశాను, ఒక్క సైగ చెయ్యకపోతారా అని. ఆయన తల ఎత్తితేగా. రేడియో మీద ఇందాక ఆనించిన చెయ్యి ఇప్పుడు జేబులో పెట్టుకున్నారు. అప్పుడే సెలవు తీసేసుకున్నట్టుంది. లోకంలో ప్రతి చెడిపోయిన వస్తువు కోసమూ కొట్లాడే మనిషి తన వస్తువు కోసం ఒక్క మాట అనడం లేదని నాకు కోపమొచ్చింది. ఆ కోపంలోనే, ఇన్నాళ్ళూ నేను వెతుకుతున్నది గొడవలనే కదా అని తట్టింది. గొడవ లేని రోజులు నేనెప్పుడైనా దాచుకున్నానా? ఆ నెలలో అసలు నేనేం చేస్తున్నాను?

"ఆగండి మేడమ్, ఆగండి" అన్నాను. "గొడవ ఎలా ఉంటుంది? ఆ రోజు నేను ఇంట్లోనే లేను. ఆసుపత్రిలో ఉన్నాను. పిత్తాశయంలో రాళ్ళని ఆపరేషను చేశారు. మొత్తం తొమ్మిది రోజులు. వార్డులో రాత్రి ఆడవాళ్ళే ఉండాలన్నారు, నాకు తోడు మా అమ్మ. ఈయన సాయంత్రం దాకా కూర్చుని ఇంటికి వెళ్ళిపోయేవారు."

ఆఫీసరమ్మ మూత కింద పెట్టింది. రేడియోను రెండు చేతులతో పట్టుకుని బల్ల మీద మెల్లగా నా వైపు తిప్పింది. ఫోను నా చేతికిచ్చింది.

మా ఆయన రాత కుదురుగా, చిన్నగా ఉంటుంది. చెక్క గోడల మీద ఒకదాని కింద ఒకటి, చోటు చాలక పక్కలకు కూడా ఎక్కాయి. నేను కాపురానికి రాకముందువి ఒక్కో ముక్కే ఉన్నాయి, బ్యాటరీ, వైరు, స్విచ్చి. నేను వచ్చిన దగ్గర్నుంచి ముక్కలు పొడుగయ్యాయి.

'2-11-88. డయలు దారం మార్చాను. ఫ్యాను రేపు చూస్తానని చెప్పాల్సింది. పట్టుచీరలో అరుగు మీద కూర్చోబెట్టాను. తప్పు నాది.'

'6-6-94. రిపేరు ఏమీ లేదు. కార్బన్లు అడిగి తీసుకోవాల్సింది. దాని కాళ్ళు వాచాయి. తప్పు నాది.'

రిపేరు ఏమీ లేదు. రిపేరు ఏమీ లేదు. సగానికి సగం అవే. ఏమీ చెడకపోయినా విప్పిన రోజులు. అరగంట నాకు వీపు పెట్టి కూర్చుని ఈయన చేసిన పని ఇది. నోటితో అనలేని మాటను తీసుకెళ్ళి, నాలుగు స్క్రూల వెనక, నా కంటపడని చోట రాసి, బిగించి, హమ్మయ్య చెప్పేశాననుకుని లేచేవారన్నమాట. మనిషి పక్కనే ఉంది కదా, ఇటు తిరిగి అనొచ్చు కదా! నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఆ టీవీ డబ్బాయన ముందు ఏది ముందు బయటపడుతుందో తెలియక పళ్ళు బిగబట్టాను.

కింద ఒక మూల అదీ ఉంది.

'19-8-03. రేడియో బాగానే ఉంది. ఎంత పెద్దగా పెట్టినా ఇంట్లో చప్పుడు లేదు. రేపు డాక్టరును ఇంకోసారి అడగాలి.'

ఇక బిగబట్టలేకపోయాను. ఆఫీసరమ్మ బల్ల కింది నుంచి కాగితం రుమాళ్ళ డబ్బా తీసి నా వైపు జరిపింది. ఆ డబ్బా కస్టమ్స్ వాళ్ళకు తరచూ అవసరమవుతుందనుకుంటాను, సగం ఖాళీగా ఉంది.

ఆవిడ పాత కాగితం తీసుకుని దాని మీద నంబరు కొట్టేసి, కొత్త నంబరు వేసి, గుర్తింపు చిహ్నాలు అన్న చోట ఏదో రాసి ముద్ర కొట్టింది. నేను తొంగి చూశాను. 'పెట్టె లోపల యజమాని చేతిరాత. భార్య సరిచూసింది' అని ఉంది.

"సుంకం ఏమీ లేదు, తీసుకెళ్ళండి. సార్, ఇంకోసారి మూతలు మార్చకండి" అంది.

"మూత మూతే కదం..." అని మొదలుపెట్టి, నా మొహం చూసి ఆపేశారు మా ఆయన. మూత తీసుకుని బిగించబోయారు.

"ఆగండి. పెన్సిలు ఏది?" అన్నాను.

చొక్కా జేబులోంచి తీసిచ్చారు, ఎందుకని అడగకుండా. నేను మళ్ళీ లైటు వేసి వెతికాను. ఇందాక చదవకుండా దాటేసింది ఒకటుంది. ఎక్కడుందో నాకు తెలుసు, చూడటానికే ధైర్యం చాలలేదు.

'23-9-97. స్పీకరు మార్చాను. కప్పు కారిందని చెప్పింది. నిచ్చెనేసుకుని చూశాను, పొడిగా ఉంది. అడగలేదు. నాలుగుసార్లు పిలిచింది. మొదటిసారే పలకాల్సింది. తప్పు నాది.'

నిజమే, నాలుగుసార్లు పిలిచాను. బడి యూనిఫారాలన్నీ ఇకమీదట నాకే ఇస్తామన్నారని చెప్పడానికి. ఆయన రేడియోకు చెవి ఆనించి, నాకేసి చూడకుండానే ఆగమని వేలెత్తారు. నాలుగోసారి కూడా వేలే ఎత్తారు. మర్నాడు ఆయన కొట్టుకు వెళ్ళాక, కావాలనే, చెంబుడు నీళ్ళు తెచ్చి నిదానంగా దాని నెత్తిన పోశాను. వాన చినుకు లేని రోజు. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు, మా అమ్మకు కూడా. ఆయనకు తెలుసని నాకు ఆ బల్ల దగ్గరే తెలిసింది.

ఆ రాత కింద వేలెడు చోటు ఉంది. పెన్సిలు మొన నాలుక మీద తడిచేసుకుని, వంగి, ఆ రోజు తేదీ వేసి రాశాను.

'కప్పు కారలేదు. తప్పు నాది.'

మా ఆయన నా భుజం మీదుగా చదివారు. మూత అందుకుని స్క్రూలు బిగించడం మొదలుపెట్టారు, ఈసారి నాకు ఎదురుగా నిలబడి.

"అంతసేపు ఏం రాశారమ్మా?" అన్నాడు టీవీ డబ్బాయన, ఉండబట్టలేక.

"రిపేరు వివరాలు" అన్నాను.